కొంగబండి ప్రమాణం

నా వెల్డింగు విరగలేదు.

ఈ ఒక్క మాట పదిమందిలో చెప్పుకోలేక ఇన్నేండ్లు గడిపినాను. చెప్పకూడదని మా ఊరి కట్టుబాటు. ఆ కట్టుబాటును నా మెడకు తగిలించింది ఎవరో కాదు, నేనే అడిగి తగిలించుకున్నాను. దేవుని మీద నాకు ఎంత నమ్మకముందో అందరికీ అంతే ఉంటుందనుకోవడం నేను చేసిన తప్పు.

మాది వేప్పనపల్లి పక్కన చిన్న పల్లె. మా నాయన గొర్రెలు మేపేవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం. బడిలో తమిళం చదివినాం. సంతలో కన్నడం కూడా నడిచేది. తెలుగు అక్షరాలు మాత్రం నాకు భజన గుడిలో వచ్చినాయి. మా అమ్మకు వరసకు అన్న ఒకాయన, నేను మామా అని పిలిచేవాణ్ణి, మా ఊరి భజనకు పెద్ద. శనివారం సాయంత్రం పిల్లోళ్ళను దీపం ముందర కూర్చోబెట్టి పురాణం పుస్తకంలోనే అక్షరాలు చూపించేవాడు. మాకు వేరే వాచకం లేదు. పద్నాలుగో ఏటికి పద్యం విడదీసి చదవడం నాకు పట్టుబడింది. అప్పటినుంచి పురాణం చదివే పీట నాది. నేను చదివితే మామ అర్థం చెప్పేవాడు.

ఆయన కొడుకు మద్దెల వాయించేవాడు. నాకంటే ఆరు నెలలు చిన్న. బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్ళం. వాని చేతులు ఊరికే ఉండవు. కూర్చుంటే తొడ మీద, నిలబడితే గోడ మీద, అన్నానికి కూర్చుంటే కంచం మీద వాయించేవాడు. వాళ్ళమ్మ గరిటె ఎత్తుకుని, "అన్నం తింటావా, అరంగేట్రం చేస్తావా?" అనేది.

తొంభైల నడుమ ఇద్దరమూ పనికి హోసూరు చేరినాం. నాకు బస్సు బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు పని. వానికి బాగలూరు పక్క గులాబీ తోటలో పూలు కోసి కట్టలు కట్టే పని. బాగలూరు రోడ్డులో ఒకే గదిలో ఉండేవాళ్ళం. గది కింద లేత్ పట్టడ, ఇనుప పనులు చేసే షెడ్డు. దాని ఓనరు తమిళాయన, మేము అన్నా అని పిలిచేవాళ్ళం. ఆదివారం మిషన్లకు సెలవు, పొద్దున్నే తాళం మా చేతికిచ్చి పోయేవాడు.

చాపర్ అనే రకం మోటారు బండి ఒకటి ఉంటుందని మాకు చెప్పింది బోండా. శూలగిరిలో టీ తాగతా బోండా తీసుకుంటే, చుట్టిన కాగితం ఇంగ్లీషు పత్రికలోది. అందులో ఒక బండి బొమ్మ. వెనక చక్రం లావుగా, సీటు నేలకు ఆనినట్టు, హ్యాండిలు మనిషి భుజాలంత ఎత్తు. ముందర చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఏటవాలుగా సాగిపోయి, సాగిపోయి, కాగితం చిరిగిన చోట ఆగిపోయింది. ముందర చక్రం లేదు.

"ఇది యాడిదాకా పోతుంది బావా?" అన్నాడు వాడు, నూనె మరకను వేలితో తుడస్తా.

"ఎవునికి తెలుసు? మిగిలిన కాగితంలో ఇంకొకడు బోండా తిన్నాడు."

ఆ చక్రం ఎంత దూరంలో ఉండాలో మేము ఊహించుకున్నాం. మా ఊహ కొంచెం ఎక్కువైంది.

బండి కృష్ణగిరి పక్క ఒక మామిడి తోటలో దొరికింది. పాత బుల్లెట్టు. కోళ్ళ గూట్లో పడేసి ఉంటే, దాని ట్యాంకు మీద ఒక పెట్ట పొదిగి ఉండాది. తోటాయన దుడ్డు వద్దన్నాడు. తోటకు గేటు, కిటికీలకు గ్రిల్లు చేసిపెట్టమన్నాడు. "పిల్లలు బయటికొచ్చినాక తీసుకోండప్పా" అని కూడా అన్నాడు. కోడిపిల్లలు వచ్చేదాకా పదిహేను దినాలు కాచుకున్నాం.

మూడేండ్లు పట్టింది. ఆదివారం తప్ప వేరే పొద్దు లేదు కదా. నాకు ఇప్పటికీ ఆ ఆదివారాలు తలచుకుంటే గుండె తేలికవుతుంది. ఎంత మోసం జరిగినా ఆ సంతోషాన్ని ఎవరూ తీసుకోలేకపోయినారు. తెల్లారి స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, లేత్ పట్టడలో చిన్న దీపం వెలిగించి మొదలుపెట్టేవాణ్ణి. అన్న నవ్వేవాడు. "ఏమప్పా, బండి చేస్తావా, హోమం చేస్తావా?" అనేవాడు వచ్చిన కాస్త తెలుగులో. నాకు రెండూ ఒకటే. ఛాసిస్ మెడ కోసి, ఏటవాలు పెంచి, మళ్ళీ అతికించిన దినం నేను ఏమీ తినకుండా ఒక్క పొద్దు ఉన్నాను. మెడ అతుకు పోతే మనిషి పోతాడు. అటువంటి పని చేసే చేయి శుభ్రంగా ఉండాలని నాకు నేర్పింది మామే.

హ్యాండిలు నీళ్ళ పైపుతో వంచినాం. ఊరికే వంచితే పైపు నొక్కుకుపోతుంది. దాని నిండా ఇసుక పోసి, రెండు చివరలూ కట్టె బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి, వేపచెట్టు చీలికలో పెట్టి ఇద్దరమూ లాగినాం. ఒక కొమ్ము జానెడు ఎక్కువ వంగింది. దాన్ని సరిచేస్తే రెండోది తక్కువైంది. చివరికి ఏ ఆదివారమో రెండూ సమానమైనాయి, ఎట్లయినాయో తెలీదు. ట్యాంకు రేకు కొట్టి చేసినాను. మూడు సార్లు కారింది. నాలుగో సారి నీళ్ళు పోసి రాత్రంతా పెట్టి, పొద్దున చూస్తే కింద పరిచిన కాగితం పొడిగా ఉండింది. ఆ పొడి కాగితాన్ని బావ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఫోర్కు గురించి వివరంగా చెప్పాల. తగువంతా దానిమీదే. పైపులు అడుగున్నర పొడవు పెంచినాం. పాత పైపుకు కొత్త పైపు ఊరికే మూతికి మూతి పెట్టి అతికిస్తే నిలబడదు. లోపల రెండింటికీ సరిపోయే ఉక్కు కడ్డీని లేత్ మీద తిప్పి, సుత్తితో కొడితే గానీ దూరనంత బిగువుగా తొడిగి, పక్కన బెజ్జాలు వేసి వాటిలో ఒకసారి, చుట్టూ ఒకసారి వెల్డింగు చేసినాను. చుట్టూ చేసింది కూడా ఒక్కసారి కాదు. మూడు వరసలు. ఒక్కొక్క వరసనూ గీకి, చిట్టెం తీసి, చూసి, మళ్ళీ చేసినాను. బస్సులో అరవై మంది ప్రాణాలు ఉంటాయి. ఆ బస్సుకు కూడా నేను అంత జాగ్రత్తగా వెల్డింగు చేయలా.

బండి నిలబెట్టి బయటికి తోస్తే పట్టడ వాకిట్లో తిరగలేదు. అంత పొడవు. ఇద్దరమూ ముందర చక్రం ఎత్తి పక్కకు జరిపి రోడ్డు మీద పెట్టినాం. పూల బుట్టతో పోతా ఉండిన ఒక ముసలామె నిలబడి చూసింది.

"ఏమప్పా, ముందర చక్రం బాగలూరులో, ఎనక చక్రం హోసూరులో ఉండాదే! ఈ రెండిటికీ పరిచయం ఉండాదా?"

మా ఊళ్ళో పిల్లోళ్ళు చూసిన మొదటి నిమిషంలోనే దానికి కొంగబండి అని పేరు పెట్టినారు. మెడ చాచి నీళ్ళలో నిలబడిన కొంగ మాదిరి ఉండింది నిజమే. మామ గుడి ముందర పూజ చేసినాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, నన్ను ఎక్కమన్నాడు. బావ ముందుకొస్తే, "చేసినవాడు మొదట ఎక్కాల" అని వాణ్ణి ఆపినాడు. నా భుజం మీద చేయి వేసి, "చదివే నోరూ, చేసే చేయీ రెండూ ఇచ్చినాడురా నీకు స్వామి" అన్నాడు. మా నాయన కూడా నన్ను ఎప్పుడూ అట్లా అనలేదు.

శనివారం మధ్యాహ్నం పని ముగించి ఇద్దరమూ హోసూరునుంచి ఊరికి భజనకు పోయేవాళ్ళం. శూలగిరి దాటినాక ఎడమ పక్క కొండలు, ఎండ వాటి మీదినుంచి జారతా ఉంటే, ఆ బండి మీద మనిషి కూర్చుండడు, పండుకున్నట్టే. కాళ్ళు ముందరికి చాచి, చేతులు పైకెత్తి పట్టుకుని. చిన్న మలుపు కూడా ముందే అనుకోవాల. ఇప్పుడు తిరగాలనుకుంటే అది ఇంకో పది బారలు పోయినాక తిరుగుతుంది. తొందరపడేవానికి ఆ బండి పనికిరాదు. అందుకే నాకు నచ్చింది. చదువుకున్న పద్యాలన్నీ నోట్లో తిరిగేవి. ఇంజను దెబ్బ ఒక్కొక్కటీ విడిగా వినపడేది. దానికి పద్యం సరిగ్గా కుదిరేది. వర్షాకాలంలో ఒక ఆదివారం కెలవరపల్లి డ్యాము దాకా పోయి, గేట్లు ఎత్తితే నురగ చూస్తా కూర్చున్నాం. అక్కడికొచ్చినవాళ్ళు నీళ్ళు చూడకుండా మా బండిని చూసినారు. ఒకాయన పెండ్లాన్ని దానిమీద కూర్చోబెట్టి ఫోటో తీసుకుంటానన్నాడు. ఆమె, "నేను ఎక్కితే ఎవురు దించేది?" అని చేయి విదిలించుకుంది.

బావకు నడపడం బాగా వచ్చు. ఒక్క చెడ్డ అలవాటు. నేరుగా ఉండే రోడ్డు మీద రెండు చేతులూ హ్యాండిలు ఇడిచేసి ట్యాంకు మీద మద్దెల వాయించేవాడు. పొడుగు ఫోర్కు బండి నేరుగా బాగా పోతుంది, చేయి వదిలినా పక్కకు లాగదు. అది నా పనితనమే. ఆ పనితనమే వానికి ధైర్యం ఇచ్చింది. వెనక కూర్చుని ఎన్నిసార్లు తల మీద మొట్టినానో. "రేకు బాగా పలకతా ఉండాది బావా" అనేవాడు. ఒకసారి మామ ఎదురొచ్చి కండ్లారా చూసి, వాణ్ణి గుడి ముందర నిలబెట్టి తిట్టినాడు. ఇది నేను ఊరికే చెప్పడంలా. మామకు తెలుసు అని చెప్తా ఉండాను.

ఆ ఏడు మా గుడిలో ఏకాహం పెట్టినారు. ఒక పొద్దూ ఒక రాత్రీ భజన ఆగకూడదు. పొద్దున నేను పీట మీద చదవతా ఉంటే, కృష్ణగిరిలో పూలు తేవడానికి బావ బండి తాళం అడిగినాడు. చదువు ఆపకుండానే నడుములోంచి తీసి ఇచ్చినాను.

గంటన్నరకు ఒకాయన పరుగెత్తుకుంటా వచ్చినాడు. ఊరికి మైలు దూరంలో కల్వర్టు దగ్గర, గొర్రెలు తోలుకుపోతా ఉండిన మా ఊరి తాతను బండి కొట్టింది. నేను పోయేసరికి తాతను ఎద్దుల బండిలో ఎక్కిస్తా ఉండారు. తొడ ఎముక విరిగింది. రోడ్డంతా చామంతి పూలు. బండి కల్వర్టు రాతికి గుద్దుకుని పక్కకు పడి ఉండింది. బావ మోచేతులు గీరుకుని, రాతి మీద కూర్చుని ఉండాడు. అప్పుడు కూడా వాని వేళ్ళు మోకాలి మీద కదలతా ఉండినాయి.

"ఫోర్కు ఇరిగింది బావా" అన్నాడు. "నీ అతుకు ఇరిగి, బండి నా మాట ఇనలా."

వంగి చూసినాను. ఫోర్కు వంగింది, నిజమే. అతుకుకు జానెడు పైన, ఫ్యాక్టరీలో వచ్చిన పాత పైపు వంగింది. రాతికి కొట్టుకుని వంగిన వంపు అది. నా అతుకు మూడు వరసలతో చెక్కు చెదరకుండా ఉండాది. వెంట్రుకంత చీలిక కూడా లేదు.

"చేతులు యాడుండినాయి నీవి?" అని అడిగినాను.

వాడు చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

తాతకు కట్టు కట్టించి, చూసుకోవడానికి ఊరంతా ఒప్పుకున్నారు. దాంట్లో తగువేమీ రాలేదు. తగువు ఒక్కదాని గురించే. నా చేతి పని చెడి మనిషి కాలు విరిగిందా, లేకపోతే నడిపినవాడు చేతులు ఇడిచేసినందుకు విరిగిందా? పని చెడిందని తేలితే బండిని ముక్కలు చేయాల, అందరూ ఒకే మాట. నడిపినవాని తప్పయితే బండి నాకు ఉంటుంది. తాతను అడిగితే, "నా ఈపు రోడ్డు పక్క ఉండిందప్పా, గొర్రెలు తప్ప నేనేం చూడలా" అన్నాడు.

తగువు తీర్చే కూటానికి ముందటి పొద్దు మామ ఇంటికి పోయినాను. ఆయన తులసి కోట దగ్గర కూర్చుని ఉండాడు.

"మామా, వెల్డింగు నిలబడే ఉండాది. వచ్చి మీ కండ్లతో చూడండి."

"నేను చూసి ఏం తెలుసుకుంటాన్రా? నాకు ఇనుము తెలుసునా?"

"బావ చేతులు ట్యాంకు మీద ఉండినాయి."

"వాని చేతులు ఊరికే ఉండవని నాకు తెలీదా?" అన్నాడు. తర్వాత, "రేపు చూద్దాం. నువ్వు నెమ్మదిగా ఉండు. స్వామి ఉండాడు" అన్నాడు.

నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయినాను.

మరుసటి పొద్దు గుడిలో నలభై మంది కూర్చున్నారు. పూజలో వాడే చాప మీదే. బావ లేచి, అతుకు విరిగిందని చెప్పినాడు. నేను లేచి, విరగలేదని చెప్పినాను. వంగిన ఫోర్కు వాకిట్లో తెచ్చి పెట్టించినాను. అందరూ వచ్చి చూసినారు. వాళ్ళకు కనపడింది వంగిన ఇనుము. ఎక్కడ వంగిందనేది చూడగలిగినవాడు నేనొక్కణ్ణే.

"అతికించిందంతా ఒకటే కదప్పా" అన్నాడు ఒకాయన. "నా చెప్పు కూడా అతికించినచోట తెగకుండా, పక్కన తెగుతుంది."

అందరూ నవ్వినారు. నాకు రోషం వచ్చింది. దాన్ని రోషం అనుకోలా అప్పుడు, నమ్మకం అనుకున్నాను.

"కర్పూరం పెట్టండి" అన్నాను.

మా పక్క ఇది చివరి మాట. పళ్ళెంలో కర్పూరం వెలిగించి స్వామి ముందర పెడతారు. ఎదుటివాడు తన మాట చెప్పి, ఆ మంటను అరచేత్తో ఆర్పాల. ఆర్పితే వాని మాటే నిజం. ఆ పొద్దుతో తగువు ముగిసినట్టు. అడిగినవాడు గానీ ఇంకెవరు గానీ దాన్ని మళ్ళీ ఎత్తకూడదు. ఎత్తితే స్వామినే కాదన్నట్టు. అబద్ధమాడి ఎవడూ ఆర్పడు. ఆర్పలేక పళ్ళెం ముందరే కూలబడి ఏడ్చి ఒప్పుకున్నవాళ్ళను నా చిన్నప్పుడు ఇద్దరిని చూసినాను. బావ కూడా అట్లే ఒప్పుకుంటాడని నాకు రవంత కూడా అనుమానం లేదు. వాడు ఏడస్తే దగ్గరికి పోయి ఎత్తి కౌగిలించుకోవాలని కూడా అనుకున్నాను.

మామ లేచి పళ్ళెం తెచ్చినాడు. కర్పూరం పెట్టి, దీపంనుంచి అంటించినాడు. పళ్ళేన్ని రెండు చేతులా కొడుకు ముందర పట్టుకున్నాడు. బావ ఆ మంటను చూడలా, వాళ్ళ నాయన ముఖం చూసినాడు. మామ కండ్లు మూసుకున్నాడు. మూసుకుని, తల ఇంత, ఇంతే, కిందికి ఆడించినాడు.

"నా రెండు చేతులూ హ్యాండిలు మీదే ఉండినాయి" అని బావ అరచేత్తో మంటను మూసినాడు.

పొగ వచ్చింది. గుడిలో ఎవరూ దగ్గలేదు కూడా. నేను మామను చూస్తా ఉండాను. నాకు అక్షరాలు నేర్పినాయన. అబద్ధమాడినవాని గతి ఏమవుతుందో నాకు అర్థం చెప్పినాయన, శనివారం తప్పకుండా, పద్దెనిమిదేండ్లు. ఆయన కండ్లు తెరిచి, "అయిపోయింది. ఇంక ఎవరూ ఎత్తకూడదు" అన్నాడు. నా వైపు చూడకుండానే, "చేసిన చేతులతోనే ఇప్పేయాలప్పా బండిని. ఆదివారంలోగా" అన్నాడు.

బండిని హోసూరు లేత్ పట్టడకే తీసుకుపోయినాను. లారీలో ఎక్కించి. ఆ ఆదివారం దీపం పెట్టలా. ముందర హ్యాండిలు విప్పినాను. ట్యాంకు, సీటు, వెనక ఆనుకునే కడ్డీ. ఇంజను పక్కన పెట్టినాను. ఛాసిస్ మెడ గ్యాస్ కట్టరుతో కోసినాను. ఫోర్కు దగ్గరికి వచ్చేసరికి అన్న వచ్చి నిలబడినాడు. నేను పైపును వైసులో బిగించి, అతుకు దగ్గరే విరగ్గొట్టాలని నాలుగడుగుల కడ్డీ తొడిగి లాగినాను. విరగలా. అన్న కూడా వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరమూ బరువంతా వేసి లాగితే పైపు నొక్కుకుపోయి మడత పడింది. అతుకు మాత్రం అట్లే ఉండాది.

అన్న చెమట తుడుచుకుని, "ఎత్తుకుని పోప్పా ఊరికి. చూపించు. ఇప్పుడే పో" అన్నాడు.

"చూపించకూడదన్నా. ప్రమాణం అయిపోయింది."

"అది అబద్ధ ప్రమాణం కదప్పా!"

"ఎట్లాంటిదైనా ఎత్తకూడదు."

ఆయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. పిచ్చివాణ్ణి చూసినట్టు చూసినాడు. పిచ్చివాణ్ణే కావచ్చు. వాళ్ళు తెంపేసిన కట్టుబాటును నేనొక్కణ్ణే పట్టుకుని కూర్చున్నాను. నేనూ తెంపితే ఇంక దేన్ని నమ్మి బతికేది?

ఆ తర్వాతి సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా చెప్తాను. నేను కాచుకున్నాను. అబద్ధానికి కర్పూరం ఆర్పిన చేతికి ఏదో ఒకటి అవుతుందని. పొద్దున లేచి స్వామికి దండం పెట్టుకునేటప్పుడు వాని అరచేయి నా కండ్ల ముందర ఉండేది. ఊరికి పోయినప్పుడు దూరంనుంచి వాని చేతిని చూసేవాణ్ణి. బొబ్బ లేదు. వణుకు లేదు. మద్దెల ముందరికంటే బాగా పలికింది. నేను అడిగింది న్యాయం కాదు, ఇంకొకని చేయి చెడాలని. అది తెలిసొచ్చిన పొద్దు పురాణం పీట ఇడిచేసినాను. అటువంటి మనసుతో పదిమందికి చదివి వినిపించకూడదు. ఊళ్ళో మాత్రం, "తప్పు చేసినాడు కదా, సిగ్గుపడి మానేసినాడు" అనుకున్నారు.

పెండ్లయినాక కృష్ణగిరికి వచ్చేసినాను. గేట్లు, గ్రిల్లులు చేసే చిన్న అంగడి పెట్టుకున్నాను. హైవే వెడల్పు చేసి, మేము పండుకున్నట్టు కూర్చుని పోయిన రోడ్డును గుర్తుపట్టలేనట్టు చేసినారు. కొన్నేండ్లకు బెంగళూరు పిల్లోళ్ళు పెద్ద పెద్ద బండ్లలో గుంపుగా పోవడం మొదలుపెట్టినారు. వాటిలో ఒకటి రెండు పొడుగు మెడ బండ్లు. అంగడి ముందర ఆగి టీ తాగతా ఉంటే, లేచి పోయి ఫోర్కు అతుకులు చూసేవాణ్ణి. "ఏం చూస్తా ఉండారు అంకుల్?" అని ఒకడు అడిగినాడు. ఊరికే అన్నాను.

ఒక శనివారం ఊరినుంచి కబురొచ్చింది. మామ మంచం పట్టినాడు. పురాణం వినాలంటా ఉండాడు. నేనే చదవాలంట.

పోయినాను. ఎందుకు పోయినానో చెప్తాను, మంచితనంతో కాదు. ఒక్క మాట అంటాడని పోయినాను. భజనవాళ్ళంతా ఇంట్లో మంచం చుట్టూ కూర్చుని ఉండారు. అదే నలభై మందిలో ముప్పై మందైనా ఉంటారు. పీట వేసినారు. మామ మనిషి సగమైనాడు. పుస్తకం తెరిచి రెండు గంటలు చదివినాను. ఒక్కొక్క పద్యం ముగిసినప్పుడూ ఆగినాను. అర్థం చెప్పే ఓపిక ఆయనకు లేదు, అయినా అలవాటుకొద్దీ ఆగినట్టు ఆగి, ఆయన ముఖం చూసినాను. ఆయన కండ్లు మూసుకునే ఉండాడు.

చివరికి కండ్లు తెరిచి చేయి కదిలించినాడు. నేను వంగినాను. అందరూ వంగినారు.

"తొందరగా చదవతా ఉండావురా" అన్నాడు. "ముందు అట్ల చదివేవానివి కాదే."

అంతే. నీళ్ళు అడిగి, తాగి, పక్కకు తిరిగి పండుకున్నాడు.

బయటికొస్తే కొట్టం దగ్గర బావ నిలబడి ఉండాడు. తల నెరిసింది. ఇన్నేండ్లలో మేము మాట్లాడుకున్నది లేదు.

"ఏమన్నా అన్నాడా నాయన?" అని అడిగినాడు.

"తొందరగా చదివినానంట."

వాడు నేలను చూస్తా, "నాతో కూడా అనలా బావా" అన్నాడు. "ఆ కూటం పొద్దు తెల్లారే నన్ను లేపి, వాడు కర్పూరం అడిగితే నువ్వు ఆర్పు, పాపం నాది అన్నాడు. అంతే. మళ్ళీ ఇన్నేండ్లలో ఆ మాట ఎత్తలా. నేను ఎత్తబోతే లేచిపోయేవాడు." తల ఎత్తి, "నీ వెల్డింగు ఇరగలేదు. నా చేతులు ట్యాంకు మీద ఉండినాయి" అన్నాడు.

కొట్టంలో రెండు ఆవులు, మేమిద్దరం. ఆ మాట నాకు కావలసింది అక్కడ కాదు.

"లోపలికి పోయి చెప్పు. అందరూ ఉండారు" అన్నాను.

వాడు తలుపు వైపు చూసినాడు. లోపల ఎవరో తాళం అందుకుని నామం మొదలుపెట్టినారు. వాడు ఒక అడుగు వేసినాడు కూడా, నేను చూసినాను. తర్వాత ఆగి, "నాయన ఇంటాడు బావా. ఆయన పోయినాక చెప్తాను. స్వామి మీద ఆన" అన్నాడు.

మామ పదకొండు దినాలకు పోయినాడు. నేను దినాలకు పోయి, అందరితో కూర్చుని అన్నం తిని వచ్చినాను. బావ వడ్డించినాడు. నా విస్తరి దగ్గర రెండు సార్లు ఆగి, ఇంకొంచెం వేసుకోమన్నాడు. ఆ తర్వాత చాలా ఏండ్లు గడిచినాయి. ఆ గుడిలో శనివారం భజన ఇప్పటికీ జరుగుతా ఉంది, మద్దెల వాడే వాయిస్తా ఉండాడు. వాడు చెప్పలేదు. చెప్పింటే నా చెవిన పడి ఉండేది. నేను కృష్ణగిరిలో మా ఇంట్లోనే దీపం పెట్టుకుని చదువుకుంటాను, నిదానంగా, గట్టిగా. మా ఆవిడ వంటింట్లోంచి వింటుంది. మా ఇద్దరికీ స్వామి ఉండాడు. భజన సమాజం లేదు.